మందు మర్మమెరిగిన మనీషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన తెలుగు భాషలో మందు అనే మాటకున్న విస్తృతి గమనింపదగినది. రోగికి వైద్యుడిచ్చేది మందు. పత్తిచేలో పురుగును చంపడానికి రైతు పిచికారీ చేసేదీ మందే. తుపాకిలో దట్టించేదీ, సారా దుకాణంలో అమ్మేదీ మందే. ఉర్దూలోని దారూ అనే మాటకు సైతం ఔషధమనీ, మద్యమనీ రెండర్థాలు కలవు. ప్రాణం పోసేదానినీ, ప్రాణం తీసేదానినీ మన పూర్వులు ఒకే పేరుతో పిలవడం అజ్ఞానం వలన కాదనీ, అందులో ఒక లోతైన సత్యం దాగి ఉన్నదనీ మాకు తోస్తుంది. ఆ సత్యాన్ని ప్రయోగశాలలో నిరూపించి, దానితోనే లక్షలాది ప్రాణాలను నిలిపిన మహనీయుడు మన తెలుగువాడే కావడం మనకు గర్వకారణం. ఆయనను మన విద్యార్థులలో పలువురు ఎరుగకపోవడం మాత్రం మిక్కిలి విచారకరం. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో ఒక పేద కుటుంబంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ గారు. బాలుడైన సుబ్బారావుకు చదువుపై మొదట శ్రద్ధ లేదు. ధనార్జనపై ఆశతో కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొని బ్రతుకుదామని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెదికించి వెనక్కు రప్పించిందని ఆయన జీవితకథ చెప్పేవారందరూ పేర్కొంటారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. రెండు మార్కులు తగ్గితే లోకం మునిగిపోయినట్లు కుంగిపోయే మన విద్యార్థులు ఈ సంగతిని మనసులో ఉంచుకోవడం మేలు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువుకు కావలసిన ధనాన్ని మిత్రులూ, పిదప తనకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ సమకూర్చారు. అవి సహాయ నిరాకరణోద్యమపు రోజులు. గాంధీ మహాత్ముని పిలుపునందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోనికి ఖద్దరు వస్త్రాలతో ప్రవేశించారు. ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సా ఆచార్యునికి అది రుచించలేదు. తత్ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రంతో తృప్తి చెందవలసి వచ్చింది. మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగమూ లభించలేదు.

ఇంతలో కుటుంబంపై పిడుగు పడింది. స్ప్రూ అనే జీర్ణవ్యాధి సోకి ఆయన సోదరులిద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో మరణించారు. ఆ వ్యాధిలో ప్రేగులు ఆహారసారాన్ని గ్రహించే శక్తిని కోల్పోతాయి. రోగి తింటూనే శుష్కించిపోతాడు. రక్తం పలుచబడుతుంది. వైద్యవిద్య నేర్చిన సోదరుడు ఇంట ఉండి కూడా చేయగలిగినదేమీ లేకపోయింది. అప్పటి వైద్యశాస్త్రం వద్ద ఆ వ్యాధికి సరియైన మందు లేదు. ఈ సంఘటనను పాఠకులు గుర్తుంచుకోవలసినదిగా మనవి. కథ మరల ఇక్కడికే తిరిగి వస్తుంది.

సుబ్బారావు కొంతకాలం మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. మూలికలు నిజంగా పనిచేస్తున్నట్లయితే, శరీరంలో ఎక్కడ, ఏ విధంగా పనిచేస్తున్నాయి అనే జిజ్ఞాస ఆయనను అక్కడనే పట్టుకున్నది. దాదాపు వేయి సంవత్సరాల క్రితం ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథమైన అల్ ఖానూన్‌లో ఒక మందు గుణాన్ని పరీక్షించడానికి ఏడు నియమాలు నిర్దేశించాడు. మందు శుద్ధంగా ఉండాలి, ఒక్క వ్యాధిపైననే పరీక్షించాలి, ఫలితం మరల మరల కనిపించాలి, మనిషికి పనిచేయునో లేదో మనిషియందే చూడాలి అన్నవి వానిలో కొన్ని. తూర్పు దేశాల వైద్యంలో జిజ్ఞాసకు కొదువ లేదు. కొదువైనది ప్రయోగశాల. దానిని వెదుకుతూ సుబ్బారావు సముద్రం దాటారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయ వాగ్దానంతోను, మామగారు కూడబెట్టిన ధనంతోను ప్రయాణమై, 1922 అక్టోబర్ 26న అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. అర్ధాంగి శేషగిరి గారిని స్వదేశంలో విడిచి వెళ్లిన ఆయన మరల ఈ గడ్డపై అడుగు పెట్టలేదు. విజ్ఞానం కొరకు ఆయన చెల్లించిన మూల్యంలో ఆ ఇల్లాలి ఒంటరి జీవితం కూడా చేరి ఉన్నదని చెప్పకపోవడం అన్యాయమవుతుంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల చదువు చదువుకుంటూ, పొట్ట గడవడానికి ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. పగలు జీవరసాయన శాస్త్ర ప్రయోగశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పని. రక్తంలోను, మూత్రంలోను ఉన్న భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వీరిరువురూ 1925లో ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది దశాబ్దాలపాటు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

ఆ కొలబద్దతో కండరాలను పరీక్షించగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఎ.టి.పి.ని స్వతంత్రంగా కనుగొన్నాడు. కండరం ఏ శక్తితో ముడుచుకుంటుందన్న విషయంలో 1922లో నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతాన్ని సవరించుకోక తప్పని స్థితి దీనితో ఏర్పడింది. ఈ పదార్థాల స్వభావం మన ప్రాంతపు విద్యార్థికి సులభంగా అర్థమవుతుంది. మిరపకోతకు వచ్చిన కూలీకి కావలసినది చేతిలోని రొక్కం. బ్యాంకులోని పైకం ఎంత ఉన్నా సంతలో అక్కరకు రాదు. శరీరానికి ఎ.టి.పి. ఆ రొక్కం వంటిది. తిన్న అన్నంలోని శక్తి చివరకు ఈ రూపంలోకి మారిననే కండరం కదులుతుంది, గుండె కొట్టుకుంటుంది. రొక్కం అయిపోయిన క్షణంలో ఆదుకొనే చేబదులు వంటిది ఫాస్ఫోక్రియాటిన్.

ఇంతటి పరిశోధన చేసి, 1930లో పిహెచ్.డి. పట్టం పొందినప్పటికీ హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన కృషిలో కొంత భాగం వెలుగు చూడకుండా ఫిస్క్ అసూయతో అడ్డుపడ్డాడనీ, అందువలన సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఇతరులు కొన్ని సంవత్సరాల తరువాత మరల కనుగొనవలసి వచ్చిందనీ, ఆ ప్రయోగశాలలోనే పనిచేసిన జార్జి హిచింగ్స్ తరువాతి కాలంలో వెల్లడించాడు. 1940లో సుబ్బారావు హార్వర్డ్‌ను విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరారు. అచిరకాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ సంచాలకులయ్యారు.

ఇక్కడ కొంచెం ఆగి, మందు శరీరంలో పనిచేసే తీరును గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. దీనికి ఉదాహరణ మన చేలలోనే కలదు. గుంటూరు మిరప నాలుకకు తగలగానే మంట పుడుతుంది. అక్కడ నిప్పు లేదు, వేడి లేదు. మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం నాడీకణంపై ఉన్న ఒక మాంసకృత్తులో తాళంలో తాళంచెవి వలె అమరుతుంది. వేడిని గ్రహించడానికి ఏర్పడిన తాళమది. మిరప తాళంచెవి దానిని తెరవగా, మెదడు నోరు కాలుతున్నదని భ్రమిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. మన తోటలలో రామచిలుక పండు మిరపకాయను హాయిగా తింటుంది. దాని శరీరంలోని తాళం నిర్మాణం వేరు కనుక కాప్సైసిన్ దానిని తెరవలేదు. ఒకే పదార్థం ఒక ప్రాణికి మంట, మరొక ప్రాణికి ఆహారం.

ఔషధశాస్త్రపు పునాదులు చాలావరకు ఈ ఉదాహరణలో ఉన్నాయి. మందు శరీరంలో గాలిలో పొగ వలె వ్యాపించి పనిచేయదు. ఒక నిర్దిష్టమైన చోట అమరి పనిచేస్తుంది. అక్కడికి చేరాలంటే ప్రేగులు దానిని గ్రహించాలి, రక్తం మోసుకుపోవాలి. కాలేయం దానిని మారుస్తుంది, మూత్రపిండాలు బయటకు పంపుతాయి. ఈ రాకపోకల వేగాన్ని బట్టియే మోతాదు ఎంత, ఎన్ని గంటలకొకసారి అన్నది నిర్ణయమవుతుంది. రోగక్రిమి తాళం వేరు, మనిషి తాళం వేరు అయినప్పుడు మందు క్రిమిని చంపి మనిషిని విడిచిపెడుతుంది. రెండూ ఒకే పోలికలో ఉన్నప్పుడు మందు ఇరువురినీ బాధిస్తుంది.

మరల సుబ్బారావు కథకు వద్దాం. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి నూలుమిల్లులలో పనిచేసే పేద గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు నుండి తీసిన పదార్థంతో అది నయమవుతున్నదని లోకానికి తెలియజేసింది. ఆ పదార్థంలోని జీవసారం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి దానిని రవ్వంత వేరుచేసి, ఆకు నుండి వచ్చినది కనుక ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేశారు. నాలుగు టన్నుల ఆకుకూర పిండితే గాని దొరకని పదార్థం పేద గర్భిణికి ఎట్లా అందగలదు? సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ బృందం దాని నిర్మాణాన్ని ఛేదించి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది. నేడు మన పల్లెలలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి ఇచ్చే బిళ్లలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. అన్నిటికంటె విశేషమేమనగా, ఉష్ణమండల స్ప్రూ వ్యాధికి సైతం ఫోలిక్ ఆమ్లం మందైనది. సోదరులను బలిగొన్న వ్యాధికి విరుగుడును ఆ అన్నదమ్ముని బృందమే లోకానికి అందుబాటులోకి తెచ్చింది. అయితే అప్పటికి రెండు దశాబ్దాలకు పైగా గడిచిపోయాయి.

కథ ఇంతటితో ముగియలేదు. కొత్త కణాలు పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. లెక్కకు మిక్కిలిగా పెరిగే క్యాన్సర్ కణాలకు అది మరింత అవసరం. అలాంటప్పుడు ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన నకిలీ తాళంచెవిని తయారుచేసి, తాళంలో ఇరికించి, తలుపు తెరుచుకోకుండా చేస్తే? బోస్టన్‌లో రక్తక్యాన్సర్ సోకిన పసిపిల్లలకు వైద్యం చేస్తున్న సిడ్నీ ఫార్బర్ ఇటువంటి మందులు కోరగా, సుబ్బారావు బృందం వాటిని తయారుచేసి పంపింది. వానిలో అమినోప్టెరిన్ ముఖ్యమైనది. 1947 చివర ఆరంభమైన ఆ చికిత్స ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. ఆ మెరుగు కొన్ని మాసాలకు మించి నిలవలేదు. అయినప్పటికీ, కొద్ది వారాలలో మరణమే శరణ్యమనుకున్న వ్యాధి ఒక మందుకు వెనుకంజ వేయడం అదే మొదలు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ 1956లో గర్భిణీ స్త్రీలకు వచ్చే ఒక క్యాన్సర్‌ను పూర్తిగా నయం చేసి చూపింది. నేటికీ అది వాడుకలో ఉన్నది.

ఈ మందుతో మాకు ఒక చేదు పరిచయం కలదు. మా ఖాలాగారు కీళ్లవాతంతో చేతివేళ్లు ముడుచుకోలేని స్థితిలో ఉండగా, వైద్యులు మెథోట్రెక్సేట్ బిళ్ల వ్రాసి ఇచ్చారు. చీటీలో వారానికి ఒకమారు అని ఉన్నది. మేము ఎం.ఏ. పట్టభద్రులమై ఉండి కూడా ఆ చీటీని శ్రద్ధగా చదవలేదు. బిళ్ల అన్న తరువాత రోజూ వేసుకునేదే కదా అన్న తలంపుతో ప్రతి ఉదయం మా చేతులతోనే ఇచ్చాము. ఆరవ రోజుకు ఆమె నోటినిండా పుండ్లు. నీరు మింగలేని స్థితి. ఆసుపత్రికి తీసుకుపోగా రక్తకణాలు పడిపోయాయని తేలింది. క్యాన్సర్ కణాలవలెనే నోటిలోని చర్మం, మజ్జలోని రక్తకణాలు సైతం నిత్యం కొత్తగా పుడుతూ ఉంటాయి. నకిలీ తాళంచెవి వాటి తలుపులనూ మూసివేసింది. వైద్యులు ఫోలినిక్ ఆమ్లం సూదులు వేశారు. మూతపడిన తలుపుతో పని లేకుండా దొడ్డిదారిన లోనికి పోయే ఫోలేట్ రూపమది. పది రోజులకు ఆమె కోలుకున్నారు. వారానికి ఒకసారి అయితే వేళ్లు కదిలించే మందు, రోజూ అయితే ప్రాణం మీదికి తెచ్చింది. తప్పు మందుది కాదు, మాది. ఆ రోజులలోనే ఈ మందు పుట్టుకను గురించి చదువుతూ మేము సుబ్బారావు జీవితాన్ని తెలుసుకున్నాము.

లెడర్లీలో ఆయన నడిపిన కృషి ఇంకా కలదు. దేశదేశాల మట్టిని తెప్పించి, అందులోని సూక్ష్మజీవులు రోగక్రిములను అణచే పదార్థాలను ఉత్పత్తి చేస్తున్నవేమో పరిశీలించే కార్యక్రమం ఆయన సంచాలకత్వంలో సాగింది. డెబ్బది ఏండ్లు దాటి, విశ్వవిద్యాలయ ఉద్యోగం నుండి విశ్రమించిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞునికి ఆయన అందులో స్థానం కల్పించారు. మిస్సోరీ రాష్ట్రపు మట్టి నుండి డగ్గర్ 1945లో వేరుచేసిన బంగారు వన్నె సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ లభించింది. 1948లో వెలువడిన ఈ మందే టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఆద్యం. సూక్ష్మక్రిమి తన మాంసకృత్తులను తయారుచేసుకునే యంత్రంలో ఇది అడ్డుపుల్ల వలె ఇరుక్కుంటుంది. మన కణాలలోని యంత్రం నిర్మాణం వేరు కనుక మనకు అంతటి హాని కలుగదు. రామచిలుక ఉదాహరణను పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకోగలరు. 1947లో వెలువడిన హెట్రజాన్ బోదకాలు వ్యాధి క్రిములపై పనిచేస్తుంది. ఆయన పుట్టిన గోదావరి సీమను తరతరాలుగా పీడించిన వ్యాధి అది. 2004 నుండి మన దేశంలో బోదకాలు నిర్మూలనకు ఊరూరా మ్రింగించిన బిళ్ల ఇదే.

1948 ఆగస్టులో, ఫార్బర్ ఫలితాలు వెలువడిన రెండు మాసాలకు, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. అమెరికా పౌరసత్వం పొందకుండానే కన్నుమూశారు. ప్రచారం ఆయనకు గిట్టదు. బృందంలోని వారిని ముందు నిలిపి తాను వెనుక నిలిచేవారు. నోబెల్ వంటి బహుమతి ఏదీ ఆయనను వరించలేదు. 1953లో ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వెలువరించింది. మందుల తయారీలో మూలసూత్రాలను కనుగొన్నందుకు 1988లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో, ఇంతకు ముందు మేము పేర్కొన్న హిచింగ్స్ ఒకడు. జీవపదార్థాన్ని పోలిన నకిలీని తయారుచేసి వ్యాధికణాన్ని మోసగించుట ఆ సూత్రాలలో ప్రధానమైనది. ఆ బాటలో నడిచిన తొలివారిలో భీమవరం బాలుడు ఉన్నాడని మనం మరువరాదు.

ఇక మన నేల సంగతి. 1987–88లో తెల్లదోమ విజృంభించి ప్రకాశం, గుంటూరు జిల్లాలలో పత్తి నాశనమైనప్పుడు, అప్పులపాలైన రైతులు పలువురు చేలో చల్లగా మిగిలిన మందునే త్రాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆర్గానోఫాస్ఫేటు జాతి పురుగుమందు నాడులలోని ఒక ఎంజైమును బంధిస్తుంది. నాడులు కండరాలకూ, గ్రంథులకూ పంపే సంకేతాన్ని ఎప్పటికప్పుడు తుడిచివేయడం ఆ ఎంజైము పని. అది బంధితమైనప్పుడు సంకేతం ఆగక సాగి, నోట నురుగు, ఊపిరాడకపోవుట సంభవిస్తాయి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఆ సంకేతం చేరే తాళాలను ముందే ఆక్రమించి దానిని అడ్డుకుంటుంది. పురుగుకూ మనిషికీ ఈ విషయంలో తాళం ఒకే పోలికలో ఉన్నది. కనుకనే పురుగును చంపే మందు మనిషినీ చంపుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా, గాలికి ఎదురుగా పిచికారీ చేసే మన సోదరులకు ఈ ఒక్క సంగతి విడమరచి చెప్పగలిగితే ఎన్ని ప్రాణాలు దక్కేవో కదా.

విద్యార్థి మిత్రులారా, మీలో అధికులు రైతు కూలీల, చిరువ్యాపారుల బిడ్డలు. ఇంటిలో చదువు వచ్చినవారు మీరొక్కరే అయిన కుటుంబాలు ఎన్నో కలవు. మందుచీటీ అయినా, పురుగుమందు డబ్బాపై అచ్చువేసిన కాగితమయినా చదివి చెప్పవలసిన బాధ్యత మీదే. మేము చేసిన తప్పు మీరు చేయకండి. సుబ్బారావు వలె మీలో ఒకరు కొత్త మందు కనుగొనవచ్చు. అటువంటి వారు ఈ కళాశాల నుండి రావాలన్నది మా ఆకాంక్ష. అంతవరకు, నేటి సాయంత్రం ఇంటికి పోయి గూటిలో ఉన్న మందుబిళ్లల చీటీని మీ తల్లిదండ్రులకు ఒక్కసారి చదివి వినిపించండి.